‘శక్తి’ని ‘శకిత’ అని చదివే పిల్లలతో: హైస్కూల్ ప్రత్యేక బోధన ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

వరంగల్ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్. 8, 9, 10 తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కల్లో బాగా వెనకబడ్డ పిల్లలు. వాళ్లలో వినికిడి తక్కువున్నవాళ్లు, చూపు తక్కువున్నవాళ్లు కూడా ఉన్నారు. లైబ్రరీలో ఒక మూల, పెద్ద బల్ల, తాళం పడే బీరువా దొరికాయి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

మొదలుపెట్టకముందే తేల్చుకున్న సంగతి ఒకటుంది. పనులు రెండు, వాటిని కలపొద్దు. చదువు ఎక్కడ తెగిందో పట్టుకుని అక్కడ కట్టడం ఒక పని. అది సాగినన్ని రోజులూ సైన్సు, సోషల్, లెక్కలు చెవి ద్వారా, నోటి ద్వారా ఆగకుండా నడపడం రెండో పని. ‘ముందు చదవడం రానీయండి, తర్వాత పాఠం చూద్దాం’ అంటే పదో తరగతి గడిచిపోతుంది. పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో ఒకటో తరగతి వాచకం పెడితే తీసుకోదు. తీసుకోకపోవడం న్యాయమే.

పరీక్ష కంటే ముందు చూపు, వినికిడి చూడాలి. ఆరు మీటర్ల దూరంలో స్నెలెన్ చార్టు (చూపు పరీక్షించే అక్షరాల పట్టిక) పెట్టి, ఒక్కో కన్ను మూసి చదివించాలి. అక్షరాలు గుర్తుపట్టని పిల్లలకు ‘E’ ఆకారం ఎటు తిరిగి ఉందో చేత్తో చూపించే చార్టు వాడాలి, లేకపోతే చదవలేకపోవడం చూపు లోపంలా కనిపిస్తుంది. అనుమానం ఉన్నవాళ్ల పేర్లు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం బడికి వచ్చే రోజుకు రాసి ఉంచాలి. చెవిలో చీము కారుతున్న పిల్లవాడికి నెల రోజులు ఒత్తులు నేర్పి లాభం లేదు.

తర్వాత చదివించే పరీక్ష. మార్కుల కోసం కాదు, చదువు ఎక్కడ ఆగిందో తెలియడానికి. ఒక్కో రకానికి పది మాటల చొప్పున కాగితం మీద పెద్దగా రాయాలి:

– గుణింతం లేనివి: పలక, నడక, గడప
– గుణింతాలు: కాకి, మామిడి, కూతురు
– హ్రస్వ దీర్ఘాల జంటలు: పడు–పాడు, తిను–తీను, కొడి–కోడి
– ద్విత్వాలు: అత్త, గొర్రె
– సంయుక్తాలు: పుస్తకం, చక్రం
– సంయుక్తం మీద గుణింతం: శక్తి, శాస్త్రి, స్త్రీ
– అర్థం లేని మాటలు: గస్పి, తెమ్లు, బిక్టో

చివరి వరుస వదలొద్దు. హైస్కూల్ దాకా వచ్చిన పిల్లలు ఊహించి చదవడంలో ఆరితేరి ఉంటారు. ‘పు’ చూసి ‘పుస్తకం’ అనేస్తారు, అది ‘పుష్కరం’ అయినా సరే. అర్థం లేని మాట దగ్గర ఊహ పనిచేయదు, అసలు సంగతి తెలుస్తుంది. మూడో వరుసలో కూడా తీను, కొడి లాంటివి అందుకే కలిపింది.

అదే రోజు ఇంకో పని. తరగతి స్థాయి పేరా ఒకటి మనమే చదివి వినిపించి, నోటితో ఐదు ప్రశ్నలు అడగాలి. విని జవాబు చెప్తూ, చదవడం మాత్రం రాకపోతే చిక్కు రాతను చదవడం దగ్గర ఉంది. రెండూ రాకపోతే వినికిడి, ఇంటి భాష, అవగాహన మూడూ విడివిడిగా చూడాలి. తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లలకు, ములుగు వైపు కోయ పిల్లలకు ఈ ప్రశ్నలు వాళ్ల భాషలో తోటి పిల్లలతో అడిగించాలి. బడి తెలుగు రెండో భాష కావడం లోపం కాదు. అట్లాంటి పిల్లల పేరు పక్కన ‘లెర్నింగ్ డిజేబిలిటీ’ అని రాస్తే ఆ ముద్ర టీసీ దాకా వెంట పోతుంది.

జూలై

పరీక్ష కాగితాలన్నీ బల్ల మీద పరిస్తే ఒక సంగతి స్పష్టం. ఎక్కువ మంది ఆగుతున్నది అక్షరాల దగ్గర కాదు, గుణింతాల దగ్గర కూడా కాదు. ఒత్తు మీద గుణింతం పడ్డ చోట ఆగుతున్నారు. ‘శక్తి’ని ‘శకిత’ అని, ‘చక్రం’ను ‘చర్కం’ అని చదువుతున్నారు.

ఇందులో తెలివితక్కువతనం ఏమీ లేదు. ‘క్తి’లో గుడి ఉన్నది ‘క’ మీద. కానీ నోటితో పలికేటప్పుడు ఆ ‘ఇ’ రావాల్సింది కింద ఉన్న ‘త’ తర్వాత. కన్ను చూసే వరుస ఒకటి, నోరు పలికే వరుస ఇంకొకటి. ‘క్ర’ సంగతి ఇంకో రకం: చాలా ఫాంట్లలో రావొత్తు అక్షరానికి ఎడమ పక్క నుంచి చుట్టుకుని వస్తుంది, పిల్లలకు ‘క’ కంటే ముందు ‘ర’ కనబడుతుంది. చాలా మందికి ఈ వరుస ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది. కొందరికి పట్టుబడదు, విడదీసి చూపించాలి. చూపించకుండా పదేపదే చదివిస్తే ఆ తప్పే గట్టిపడుతుంది.

అందుకని మూడు పొరల కార్డులు. కావలసినవి: తెల్ల చార్టులు 4, ఏ4 పారదర్శక షీట్లు 6 (ఓహెచ్‌పీ షీట్లు, జిరాక్స్ సెంటర్లలో స్పైరల్ బైండింగ్ పైన వేసేవి), నల్ల, ఎర్ర, నీలం పర్మనెంట్ మార్కర్లు, కత్తెర, స్కేలు.

మొదటి పొర హల్లు కార్డు, 8 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు, నల్ల రంగు. ఇక్కడ జాగ్రత్త: అక్షరం తలకట్టు లేకుండా రాయాలి. తలకట్టుతో రాస్తే గుడి పెట్టినప్పుడు తలకట్టు కూడా కింద నుంచి కనిపించి గందరగోళం. తలకట్టు ‘అ’ గుర్తు, కాబట్టి దాన్ని కూడా పారదర్శక ముక్క మీదే రాయాలి. అసలే తలకట్టు లేని ఖ, జ, ట, ణ, బ, ల లాంటివి మామూలుగానే రాసుకోవచ్చు.

రెండో పొర ఒత్తు. 6 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు చార్టు ముక్క, నీలం రంగు. హల్లు కార్డు కింద ఆనించి పెట్టాలి.

మూడో పొర గుణింతం గుర్తులు, పారదర్శక షీటు మీద ఎర్ర రంగులో, హల్లు కార్డు కొలతకే కోసుకోవాలి. తలకట్టుతో కలిపి పన్నెండు ముక్కలు.

కట్టే పద్ధతి: ‘క’ కార్డు పెట్టి ‘క్’ అనాలి. కింద తావొత్తు పెట్టి ‘క్–త్’ అనాలి. చివరగా గుడి ముక్క పైన వాల్చి ‘క్తి’ అనాలి. పైది, కిందిది, ఆఖరికి గుణింతం. చేతితో రాసేటప్పుడు గుడి ముందు పెట్టినా ఒత్తు ముందు పెట్టినా అభ్యంతరం లేదు, నోరు మాత్రం ఇదే వరుసలో నడవాలి.

తిప్పలు పెట్టేవి కొన్ని ఉన్నాయి. మి, యి మామూలు గుడితో రావు, వాటికి విడి కార్డులు కావాలి. ప, ఫ, వ లకు కొమ్ము మిగతా అక్షరాలకు వచ్చినట్టు రాదు; అట్లా వస్తే ‘వు’ కాస్తా ‘మ’ అయి కూర్చుంటుంది. నిజానికి మ, వు, య తారుమారు చేసే పిల్లలు చాలా మంది, ఈ మూడూ పక్కపక్కన పెట్టి తేడా వేలితో దిద్దించాలి. ఐత్వం కింది భాగం ఒత్తు చోట్లోకే వస్తుంది, కాబట్టి ఐత్వాన్ని ఒత్తులన్నీ వచ్చాక ముట్టుకోవాలి.

ఆగస్టు

ద్విత్వాలతో మొదలు. త, న, మ, య, ర, ల ఒత్తులు తల్లి అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. అదృష్టం ఏమిటంటే ఆ ఆరూ ఇంట్లో మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఈ ఆరు మాటలు గోడకు అంటించి, కొత్త మాటలో ఒత్తు గుర్తు రానప్పుడు ‘ఇది ఎవరి ఒత్తు, అత్తదా అన్నదా?’ అని అడిగితే పిల్లలు గోడ వైపు చూసి వాళ్లే చెప్తారు.

రోజుకు 20 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు, ముగ్గురు నలుగురి గుంపు. ఒక్కసారికి పన్నెండు మాటలు: ఎనిమిది పాతవి, నాలుగు కొత్తవి. కొత్తవి వాళ్ల పాఠంలోంచే తీయాలి: ఆమ్లం, క్షారం, విద్యుత్తు, శ్వాసక్రియ, వక్రీభవనం. తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘వక్రీభవనం’ కట్టి చదివితే అది వాడి తరగతి చదువే, చిన్నపిల్లల చదువు కాదు. ఈ తేడా పిల్లల నడకలో కనబడుతుంది.

ఫోన్ కీబోర్డు ఈ పనికి ఎంత అక్కరకొస్తుందో ముందుగా అనుకోలేదు. తెలుగు కీబోర్డులో ‘క్తి’ రావాలంటే క, పొల్లు, త, గుడి ఇదే వరుసలో కొట్టాలి. అంటే యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే పద్ధతి) వరుస, నోరు పలికే వరుస ఒక్కటే. గుడి ముందు కొడితే తెర మీద ‘క్తి’ రాదు, తప్పు ఎవరూ చెప్పనక్కర్లేదు. కార్డుల మీద కట్టిన మాటను వెంటనే ఫోన్‌లో కొట్టించాలి. ఊహించి మాట పూర్తి చేసే సూచనల వరుసను మాత్రం సెట్టింగ్స్‌లో ఆపేయాలి, లేకపోతే ఫోనే చదువుతుంది, పిల్లలు చదవరు.

చదివేటప్పుడు వరుస తప్పే పిల్లలకు కిటికీ అట్ట. నల్ల చార్టు 18 సెం.మీ. × 6 సెం.మీ., మధ్యలో 14 సెం.మీ. పొడవు చీలిక. చీలిక ఎత్తు పాఠ్యపుస్తకంలో ఒక వరుసను గుడి పై అంచు నుంచి ఒత్తు కింది అంచు వరకు కొలిచి 2 మి.మీ. కలిపి కోయాలి. ఇంగ్లిష్ వరుసకు కోసిన అట్ట తెలుగుకు పెడితే ఒత్తులన్నీ అట్ట కిందికి పోతాయి. రంగు ప్లాస్టిక్ షీట్లు కొనమని ఎవరైనా చెప్తే కొనొద్దు, అవి చదువును బాగుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బుతో కాగితాలు పెద్దగా జిరాక్స్ తీయించవచ్చు: ఏ4ను ఏ3కి 141 శాతం.

సొంతంగా కాగితాలు తయారుచేస్తే నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంటు, 16 నుంచి 18 సైజు, వరుసల మధ్య డబుల్ స్పేస్. ఒకటిన్నర చాలదు, పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. హన్మకొండలో డీటీపీ చేసే చోట్ల చాలా వరకు అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాత రకం) వాడతారు. మన ఫైలు అక్కడ తెరిస్తే అక్షరాలు చెదురుతాయి. పీడీఎఫ్ చేసి ఇవ్వాలి. వాళ్లు టైపు చేసిన అను ఫైలును తెచ్చుకుంటే ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు, ఇది ఇంకా పెద్ద నష్టం.

సెప్టెంబర్: పాఠం ఆగకుండా

2022–23 నుంచి 8వ తరగతి వరకు పుస్తకాలు రెండు భాషల్లో వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. ఈ పిల్లలకు ఇది పెద్ద ఆసరా. వాడే పద్ధతి: తెలుగు పేజీ వినాలి, ఇంగ్లిష్ పేజీలో కీలకమైన ఐదు మాటలు మాత్రం పెన్సిల్‌తో ముక్కలు చేసుకోవాలి. ఫొటో | సిన్ | థె | సిస్ అని గీతలు గీసి, ముక్కముక్కగా చప్పట్లతో పలికి, తర్వాత కలపాలి. ఇంగ్లిష్ మాట పైన తెలుగులో ఉచ్చారణ రాసుకోవడం చాలా బడుల్లో అలవాటు. ఒత్తులే రాని పిల్లలకు అది రెండింతల బరువు, మాన్పించాలి.

ఆడియో పాఠాలు: ఒక్కో ఫైలు మూడు నాలుగు నిమిషాలు, ఒకే అంశం, మొదట ప్రశ్న, తర్వాత వివరణ, చివర మళ్లీ అదే ప్రశ్న, పది సెకన్లు ఖాళీ. ఆ ఖాళీలో పిల్లలు జవాబు చెప్పుకోవాలి. బాగా చదివే తోటి పిల్లలతో రికార్డు చేయిస్తే చాలు. ఫ్యాన్ ఆపి, కిటికీలు వేసి, ఫోన్ నోటికి జానెడు దూరంలో పెట్టాలి. ఫైలు పేరులో తరగతి, పాఠం సంఖ్య అంకెల్లో ఉంటే చదవడం రాని పిల్లలు కూడా వెతుక్కోగలరు. ఇంట్లో ఫోన్ నాన్న పొలం నుంచి వచ్చాకే దొరుకుతుంది, డేటా అప్పటికి అయిపోయి ఉండొచ్చు. వాట్సాప్ లింకు కాదు, బడిలోనే బ్లూటూత్‌తో ఫైలు ఎక్కించి పంపాలి.

ఫోన్ తెలుగు వచనాన్ని చదివి వినిపిస్తుంది, గూగుల్ లెన్స్ పేజీ ఫొటోలోంచి తెలుగు అక్షరాలు తీస్తుంది. రెండు కలిపితే పుస్తకం మాట్లాడుతుంది. రసాయన ఫార్ములాలు, భిన్నాలు మాత్రం తప్పుగా పలుకుతుంది. ఆ పేజీలు మనిషి గొంతుతోనే చేయాలి.

వినికిడి తక్కువున్న పిల్లల గురించి ఒక్క సంగతి సబ్జెక్టు టీచర్లందరికీ చెప్పాల్సినది. పాట, బాట, మాట: ఈ మూడూ పెదవుల మీద ఒకే మాదిరి కనబడతాయి. క, గ లు నోటి వెనక భాగంలో పుడతాయి కాబట్టి అసలే కనబడవు. అంటే పెదవులు చూసి అంతా అర్థం చేసుకుంటారనుకోవడం తప్పు. కొత్త మాట ముందు బోర్డు మీద రాసి, పిల్లల వైపు తిరిగి, అప్పుడు పలకాలి. రాస్తూ బోర్డుతో మాట్లాడొద్దు. కిటికీ వెలుగు టీచర్ వెనక నుంచి వస్తే మొహం నల్లగా కనిపిస్తుంది, నిలబడే చోటు మార్చుకోవాలి.

అక్టోబర్, నవంబర్

బతుకమ్మ, దసరా సెలవులు, ఆ వెంటే పత్తి ఏరే రోజులు. హాజరు పడిపోతుంది. తిట్టి లాభం లేదు, ఇంటి లెక్క ఇంటిది. కొత్త ఒత్తులు ఈ రెండు నెలలు ఎత్తుకోలేదు. ఉన్నవే తిరగేసే కార్డుల కట్ట, ఒక్కోదాంట్లో పన్నెండు మాటలు, రబ్బరు బ్యాండు వేసి ఇంటికి పంపాం. చేనుకు పోయినవాళ్లకు ఆడియో ఫైళ్లు.

లెక్కల పని ఇప్పుడే మొదలు. గడుల నోటు, సెంటీమీటరు గడి, గడికి ఒక్క అంకె. కూడికలో ఒకట్లు పదుల కింద పడే తప్పుల్లో చాలా వరకు దీంతోనే పోతాయి. ఎక్కాలు రాని పదో తరగతి పిల్లలకు ఎక్కాల కాగితం బల్ల మీదే ఉంచాలి. ఎక్కం గుర్తు లేదని వర్గ సమీకరణం ఆపకూడదు. బల్ల అంచుకు −20 నుంచి +20 వరకు సంఖ్యారేఖ టేపుతో అంటించాలి; ఋణ సంఖ్యల తప్పులు వేలు కదిపితే వాళ్లకే తెలుస్తాయి.

కారణాంకాలకు అట్ట పలకలు: చిన్న చదరం 2 సెం.మీ., పట్టీ 7.5 × 2 సెం.మీ., పెద్ద చదరం 7.5 × 7.5 సెం.మీ. పట్టీ పొడవు ఎక్స్. అది 8 సెం.మీ. పెడితే సరిగ్గా నాలుగు చిన్న చదరాలు పడతాయి, పిల్లలు ‘ఎక్స్ అంటే 4’ అని పట్టుకుంటారు. అందుకే 7.5. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5ఎక్స్ ప్లస్ 6 కోసం పెద్దది 1, పట్టీలు 5, చిన్నవి 6 ఇచ్చి, ఖాళీ లేకుండా దీర్ఘ చతురస్రం పేర్చమనాలి. పేర్చాక ఒక పక్క ఎక్స్ ప్లస్ 2, ఇంకో పక్క ఎక్స్ ప్లస్ 3 కళ్ల ముందే ఉంటాయి. 5ను 2, 3గా ఎందుకు విడగొట్టాలో ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఋణ గుర్తులున్న లెక్కలకు ఈ పలకలు ఇబ్బంది పెడతాయి, అక్కడికి లాగొద్దు.

డిసెంబర్: కాగితాలు, స్క్రైబ్

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడంలో చిక్కు డిస్లెక్సియా, లెక్కల్లో చిక్కు డిస్‌కాల్కులియా వంటివి) అందులో ఒకటి. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (పిల్లలు చెప్పింది రాసిపెట్టే మనిషి), రెండో మూడో భాషల మినహాయింపు అదే చట్టం 17వ సెక్షన్‌లో ఉన్నాయి. రాత పరీక్షలపై 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం అని ఉంది, అంటే మూడు గంటల పేపరుకు గంట.

ఇవి అందాలంటే సర్టిఫికెట్ కావాలి, దానికి వరుస ఉంది: చూపు, వినికిడి పరీక్షలు, తర్వాత తెలివి పరీక్ష, ఆపైన నిమ్హాన్స్ బ్యాటరీ (అభ్యసన వైకల్యం తేల్చే పరీక్షల వరుస). బడి నుంచి పంపే ఫైలులో మూడు పెట్టాలి: జూన్‌లో చేసిన చదివింపు పరీక్ష తప్పులతో సహా, పిల్లల సొంత చేతిరాత రెండు పేజీలు, విని జవాబు చెప్పిన వివరం. తప్పుల్లేకుండా దిద్దించిన నోట్స్ పంపితే అవతలి డాక్టర్‌కు ఏమీ తెలియదు. యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాల ప్రభుత్వ రికార్డు) ప్రత్యేక అవసరాల కాలమ్ నింపిందీ లేనిదీ హెచ్‌ఎం దగ్గర చూసుకోవాలి. సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకిచ్చే నెలకు 200 రూపాయల స్టైపెండ్‌కు, భవిత కేంద్రం (ఇట్లాంటి పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ కేంద్రం) సేవలకు పేరు అక్కడ ఉండాలి.

తల్లిదండ్రులు వచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే. ‘నోటితోని అడిగితే అన్నీ చెప్తడు సార్, రాయమంటేనే రాయడు.’ ఆ మాట ఫైలులో అట్లాగే రాసుకోవాలి, అది సగం నిర్ధారణ. ‘మొద్దు’ అన్న మాట బడిలో ఎవరి నోటా రానీయొద్దు, అటెండర్ నోటా సరే.

భాష మినహాయింపుకు తొందరపడొద్దు. నోటితో చక్కగా తెలుగు చెప్పే పిల్లలకు స్క్రైబ్ ఉంటే తెలుగే మార్కులు తెచ్చే పేపరు.

స్క్రైబ్‌తో రాయించడం కూడా నేర్పితేనే వస్తుంది. స్క్రైబ్ కింది తరగతి విద్యార్థి, పరీక్ష మీడియంలో తప్పుల్లేకుండా రాయగలగాలి. సాధన ఇట్లా: ప్రశ్న రెండుసార్లు చదివించుకోవాలి. రఫ్ కాగితం మీద మూడు గుర్తులు, బొమ్మలైనా సరే, పెట్టుకోవాలి. వాక్యం మొత్తం చెప్పి ‘ఫుల్‌స్టాప్’ అనాలి. ఆఖర్న వెనక్కి చదివించుకోవాలి. లెక్కల్లో ‘బ్రాకెట్ తెరువు, బ్రాకెట్ మూయి, కింద రాయి’ అన్న మాటలు ఇద్దరికీ ముందే కుదరాలి. మామూలుగా పడే తప్పు ఒకటి: పిల్లలు ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు, స్క్రైబ్ దయతో వాక్యం పూర్తి చేస్తాడు. అసలు పరీక్షలో ఇన్విజిలేటర్ దాన్ని ఒప్పుకోడు, పిల్లలు అక్కడ నోరు పెగలక కూర్చుంటారు. అందుకే సాధనలో స్క్రైబ్‌కు ఒకే నియమం: చెప్పింది చెప్పినట్టే రాయి, చెప్పకపోతే పెన్ను కింద పెట్టు.

ఫిబ్రవరి

మిరప కోతలు, మేడారం జాతర ఏడాదైతే దానికి తోడు సెలవులు, బస్సుల మళ్లింపు. ప్రీ ఫైనల్ పేపర్లు స్క్రైబ్‌తో, అదనపు సమయంతో, విడి గదిలోనే రాయించాం. అదే గదిలో మిగతావాళ్లుంటే వీళ్ల జవాబులు అందరికీ వినబడతాయి, గొంతు తగ్గించి చెప్తారు, స్క్రైబ్‌కు వినబడదు.

8, 9 తరగతుల వాళ్లలో ద్విత్వాలు గట్టిపడ్డాయి. సంయుక్తం మీద గుణింతం చాలా మందికి నిలకడగా వస్తోంది, తొందరలో మాత్రం ‘రాష్ట్రం’ లాంటి రెండొత్తుల మాటలు ఇంకా జారుతున్నాయి. వాటికి హల్లు కార్డు కింద రెండు ఒత్తు ముక్కలు పట్టేలా వెడల్పాటి పట్టీ కోస్తున్నాం. రాత వేగం పెరగలేదు. చదవడం కుదిరాక రాత కుదరడానికి ఇంకా చాలా సమయం పడుతుంది, అందుకని తొమ్మిదో తరగతి వాళ్ల సర్టిఫికెట్ పని వేసవి సెలవులకు ముందే మొదలుపెట్టాలి. పదో తరగతిలో నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లే నాటికి కాగితం చేతిలో లేకపోతే హెచ్‌ఎం ఎంత మంచివారైనా చేయగలిగేది తక్కువ.